మడి ఫోను



గృహకృత్యములను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు ఈ పుటలలో పెద్దలు అనేక విషయములు వ్రాయుచుందురు. మేము వ్రాయబోవు సంగతి పైకి చూచుటకు ఇంటి సంగతిగా తోపదు. అయినను నేడు మన ఇండ్లలో ఎందఱో కోడండ్రును, కూతుండ్రును వంటయింటి ప్రక్కగదిలో కూర్చుండి ఉద్యోగములు చేయుచున్నారు గదా! కచేరి ఇంటిలోనికి వచ్చినప్పుడు దాని తాళపుచెవులును ఇంటిలోనికే వచ్చినవి. వానిని ఎచ్చట ఉంచవలెనో ఆలోచింపక మేమొక తప్పు చేసితిమి. ఆ తప్పువలన ఒక పెద్దమ్మకు నష్టము కలిగెను. ఒక మంచి పిల్లకు నిద్రలేని రాత్రులు కలిగెను. మీకట్టి స్థితి రాకుండుగాక యను కోరికతో దీనిని విన్నవించుచున్నాము.

మాది రాజమహేంద్రవరమున ఒక చిన్న ఆడిటరు కచేరి. మాతో కలిపి ఐదుగురము, అందఱము స్త్రీలమే. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి దేశమంతట ఎవరును ఇల్లు కదలరాదని ఉత్తరువు వచ్చినప్పుడు, సంవత్సరాంతపు లెక్కలన్నియు మా బల్లలమీద పఱచియుండెను. ఎవరి ఫోనుతో, ఎవరి ల్యాప్‌టాపుతో వారు తమ తమ ఇండ్లనుండి పని సాగించిరి. ఆ కష్టకాలము గడచిన పిదపను ఆ పద్ధతియే నిలిచినది. ఇప్పుడు తణుకునుండి ఒకతె, కాకినాడనుండి ఒకతె, భర్త ఉద్యోగమువలన హైదరాబాదు చేరిన యింకొకతె పని చేయుచున్నారు. కచేరిలో మేమును, మఱియొక అమ్మాయియు ఉందుము. దీనివలన మేలు కలుగలేదనరాదు. పసిబిడ్డ తల్లియగుటచేత పని మానుకొనవలసిన కాకినాడ అమ్మాయి, ఉయ్యాల ప్రక్కనే కూర్చుండి నేటికిని మాతో ఉన్నది.

కాని ఒక్క విషయమును మేము గమనింపలేదు. ఆ ఫోనులు కచేరి కొనియిచ్చినవి కావు. పగలు అందులో మా ఖాతాదారుల పాన్ కార్డులు, ఆధారు కాగితములు, బ్యాంకు ఖాతా పట్టికలు, జీతముల ఫారములు ఉండును. సాయంకాలము అదే ఫోనులో పిల్లలు ఆటలాడుకొందురు. పెద్దలు ప్రవచనములు విందురు. ఒకరి సంపాదన యెంత, అప్పెంత, ఎవరికి ఏమి దానమిచ్చిరి యను సంగతులు భర్త కడగూడ చెప్పరాదని మా వృత్తిధర్మము. ఖాతాదారుని అనుమతి లేక వాని సంగతులు బయటపెట్టుట దుష్ప్రవర్తనమని 1949వ సంవత్సరపు చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టము చెప్పుచున్నది. మేము నోరు కట్టుకొంటిమే కాని ఫోనును కట్టుకొనలేదు.

2024వ సంవత్సరము జూలై నెల చివరివారము. పన్ను రిటర్నులకు ఆ నెల 31వ తేదీ గడువు. ఆ దినములలో మాకు అన్నము తినుటకును తీరిక యుండదు. తణుకులోని అమ్మాయి ఒకనాటి సాయంకాలము ఫోనును వసారాలో ఉంచి దీపము పెట్టుటకు లోపలికి వెళ్ళినదట. ఆమె అత్తగారు ప్రతిదినము ఆ ఫోనులోనే పురాణము వినుచుందురు. అప్పుడే దూరపు బంధువు నంబరునుండి వాట్సాపులో శుభలేఖ యొకటి వచ్చెను. శ్రావణమాసపు పెండ్లిండ్లు దగ్గఱపడుచున్న దినములు. శుభలేఖ వచ్చినచో విప్పి చూడని ఇల్లాలెవరు? ఆమె విప్పిరి. అది బొమ్మ కాదు, ఏపీకే యనబడు యాప్. ఫోను రెండు మూడు మాఱులు అనుమతి యడిగెను. ఎనిమిదేండ్ల మనుమడు, “నానమ్మా, ఇక్కడ నొక్కాలి” అని తానే నొక్కెను. శుభలేఖ కానరాలేదు. పెద్దామె మఱల పురాణమును పెట్టుకొనిరి.

ఆ యాప్ చేయు పని యేమనగా, ఫోనునకు వచ్చు సందేశములను చదివి మోసగాండ్రకు చేరవేయుట. వారు ఆ రాత్రియే ఆ అమ్మాయి వాట్సాపును తమ ఫోనులో తెఱచుటకు పూనుకొనిరి. అట్లు తెఱచునప్పుడు అసలు నంబరునకు ఆఱంకెల సంఖ్య యొకటి సందేశముగా వచ్చును. ఆ సంఖ్యను యాప్ దొంగిలించి యిచ్చెను. తెల్లవాఱుసరికి ఆమె వాట్సాపు మూసికొనిపోయినది. తిరిగి తెఱువబోగా, తాను ఎన్నడును పెట్టని పిన్ను అడిగెను. దానిని మోసగాండ్రు పెట్టిరి. ఆ పిన్ను తెలియనివారు ఏడు దినములు వేచియుండవలసినదే. ముందుగా ఆమెయే రెండవ తాళముగా ఆ పిన్నును పెట్టుకొనియున్నచో వారికి ద్వారము తెఱువబడియుండెడిది కాదు. అది రెండు నిమిషముల పని. చేయవలెనని మేమెన్నడును చెప్పియుండలేదు.

జరిగినదేమో ఆ అమ్మాయికి ఉదయముననే కొంత అర్థమైనది. అయినను మాకు చెప్పలేదు. ఒకటిన్నర దినము చెప్పలేదు.

ఆమె తన ఫోనులో ఖాతాదారుల పేర్లప్రక్క ‘ఐటీ’ అని గుర్తు వ్రాసికొనియుండెను. ఆ పట్టికయు మోసగాండ్ర చేతబడెను. పండ్రెండేండ్లుగా మా కచేరికి వచ్చుచున్న ఒక ప్రధానోపాధ్యాయిని కలరు. ఉద్యోగవిరమణ చేసి, భర్తను పోగొట్టుకొని, పెన్షనుతో ఒంటరిగా కాలము గడుపుచున్నారు. ఆమెకు ఆనాటి సాయంకాలము ఆఱు గంటలకు మా అమ్మాయి పేరుతో, మా అమ్మాయి బొమ్మతో సందేశము వచ్చెను. పన్ను 48,000 రూపాయలు తక్కువ పడినదనియు, గడువు దాటినచో జరిమానా యగుననియు, ఈ నంబరునకు పంపినచో తామే కట్టెదమనియు అందులో నుండెను. ఆమె పంపిరి. మఱునాడు మధ్యాహ్నము రసీదు కొఱకు మాకు ఫోను చేసిరి. అప్పుడు మా కాళ్ళక్రింద భూమి కదలినట్లయ్యెను.

వెంటనే ఆమెచేత 1930 అను నంబరునకు ఫోను చేయించితిమి. డబ్బు మోసముల ఫిర్యాదులకై కేంద్రప్రభుత్వము ఏర్పఱచిన నంబరది. ఫిర్యాదు అందినతోడనే డబ్బు ఏ ఖాతాకు చేరెనో, అచ్చటనుండి ఎచ్చటికి పోయెనో చూచి, ఖాతాలో మిగిలియున్నంత సొమ్మును బ్యాంకులచేత నిలిపివేయింతురు. దొంగలు సొమ్మును ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు గంటలలో త్రిప్పుదురు గనుక తొలి గంటలో చేసిన ఫిర్యాదునకు బలమెక్కువ. మేము చేసినది పందొమ్మిదవ గంట. 19,000 రూపాయలు మాత్రము చిక్కెను. అదియు ఐదు మాసములకు గాని చేతికి రాలేదు. మొత్తము 48,000 రూపాయలను మేము మఱునాడే ఆమెకు చెల్లించితిమి. ఆమె వద్దనిరి. “పంపినది నేను గదా, అమ్మాయీ!” అనిరి. కాని ఆమె నమ్మినది మా పేరును.

ఆ సాయంకాలము తణుకునకు ఫోను చేసితిమి. చాలసేపు ఏడ్పు తప్ప మాట వినరాలేదు. పిమ్మట ఆ పిల్ల యిట్లనెను: “అక్కగారూ, జూన్ నెలలో లెక్క తప్పినప్పుడు అందఱి యెదుట మీరు నన్నన్న మాటలు మనసులో మెదలినవి. ఇది చెప్పితే ఉద్యోగము పోవునని భయపడితిని. మా అత్తయ్యగారి చేతిమీదుగా జరిగినదని చెప్పుటకు నోరు రాలేదు.”

ఆ మాటకు మాకు సమాధానము దొరకలేదు. ఆమె ఉదయముననే చెప్పియున్నచో గంటలోపల ఖాతాదారులందఱికి ఫోను చేసియుందుము. సాయంకాలపు సందేశమును ప్రధానోపాధ్యాయినిగారు నమ్మియుండరు. ఆ సొమ్మును దొంగ యాప్ ఎంత తీసికొనిపోయెనో, జూన్ నెలలో మేమాడిన మాటయు అంత తీసికొనిపోయెను. చదువుకొన్నవారము, పదిమందికి లెక్కలు దిద్దువారము, మా లెక్కలో దీనిని ఎన్నడును వేసికొనలేదు.

ఆగస్టు మాసమున మేమైదుగురము రాజమహేంద్రవరమున ఒకచోట కూర్చుండి ఒక కాగితముమీద నియమములు వ్రాసికొంటిమి. మొదటి నియమము ఇది: ఏదైన పొరపాటు జరిగినచో ఆ క్షణమే చెప్పవలెను, చెప్పినవారిని ఒక్కమాటయు అనరాదు, జీతములో ఒక్క రూపాయియు కోయరాదు. దానిక్రింద మొదట చేవ్రాలు చేసినవారము మేమే.

రెండవది డబ్బును గూర్చినది. మా కచేరినుండి ఎవరును సందేశముమూలమున డబ్బు అడుగరు. పన్నులు ప్రభుత్వపు పోర్టలులో ఖాతాదారులే చెల్లింతురు. ఎవరి పేరుతో నైనను డబ్బుమాట గాని, ఖాతా సంఖ్య మాఱినదన్న మాట గాని వచ్చినచో, పాత పుస్తకములో వ్రాసియున్న నంబరునకు ఫోను చేసి, గొంతు విని, రూఢి చేసికొనవలెను. సందేశములోనే ఇచ్చిన నంబరునకు చేయుట వ్యర్థము. దొంగను దొంగ సంగతి యడిగినట్లగును.

మూడవది కాగితములను గూర్చినది. పాన్ కార్డులు, బ్యాంకు పట్టికలు వాట్సాపులో పంపుట మానితిమి. అందఱికి ఉమ్మడిగా ఒక ఆన్‌లైను భాండాగారము పెట్టి, ఏ ఖాతాదారుని కాగితములు ఎవరికి పనియో వారి పేరున మాత్రమే తెఱచునట్లు చేసితిమి. ‘లింకు కలవారెవరైనను చూడవచ్చును’ అను ఏర్పాటు సులువుగా నుండును గాని, ఆ లింకు ఎవరి చేతికి పోవునో తెలియదు. పని ముగియగానే ఆ అనుమతి తీసివేయుదుము. ఉద్యోగము మానినవారి అనుమతులను ఆనాడే మూసివేయుదుము. ఇది వారిమీద అపనమ్మకము కాదు, ఇల్లు ఖాళీ చేయునప్పుడు తాళపుచెవి అప్పగించుట వంటిదే.

నాలుగవది పాస్‌వర్డులను గూర్చినది. మూడు నెలలకొకమాఱు మార్చవలెనని మేము పూర్వము పట్టుపట్టెడివారము. దానివలన పిల్లలు పాతదాని చివర ఒక అంకె చేర్చి సరిపెట్టుకొనిరి. ఊరక గడువు పెట్టి మార్పించుటకంటె పొడవైన పాస్‌వర్డు మేలని అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ 2017లోనే చెప్పినది. అందుచేత సంబంధము లేని నాలుగైదు మాటలను కూర్చి ఒక్క పెద్ద పాస్‌వర్డు నేర్చుకొని, తక్కినవానిని పాస్‌వర్డులు దాచు యాప్‌నకు అప్పగించితిమి. ముఖ్యమైన ఖాతాలన్నిటికి రెండవ తాళము పెట్టితిమి. ఆ రెండవ సంఖ్య సందేశముగా వచ్చుటకంటె ప్రత్యేకమైన యాప్‌లో పుట్టుట మంచిది. సందేశములను దొంగలు చదువగలరని మేము స్వానుభవమున తెలిసికొంటిమి గదా!

ఐదవ నియమము దగ్గఱ వాదము పుట్టినది. ఫోను పోయినచో దూరమునుండియే దానిలోని సమస్తమును తుడిచివేయు ఏర్పాటు చేయుదమని మేమంటిమి. హైదరాబాదులోని అమ్మాయి వెంటనే అభ్యంతరము చెప్పినది. “అక్కగారూ, ఫోను నాది. అందులో మా నాన్నగారి చివరి ఫొటోలు ఉన్నవి. కచేరికి భయము కలిగినప్పుడెల్ల అవి చెఱిపివేయుదురా? నా సొంత సందేశములు మీరు చూతురా?” అనెను. కొంతసేపు మాకు కష్టముగా తోచినది. ఆలోచింపగా ఆమె మాటయే న్యాయము. ఆమె ఫోనును మేము ఉచితముగా వాడుకొనుచు, పైపెచ్చు దానిమీద పెత్తనము కోరుచుంటిమి.

దీనికి మార్గము లేకపోలేదు. ఆండ్రాయిడు ఫోనులలో పనికొఱకు ఒక వేఱు గది కట్టుకొనవచ్చును. ఆ గదిలోని యాప్‌లమీద చిన్న పెట్టె గుర్తుండును. సాయంకాలము ఆ గదిని ఆపివేసినచో కచేరి సందేశములు మ్రోగవు. ఫోను పోయినప్పుడు కచేరివారు ఆ గదిని మాత్రము తుడిచివేయగలరు. తక్కిన యింటిలోని ఫొటోలను, సందేశములను చూడజాలరు, ముట్టజాలరు. ఈ సంగతిని కాగితముమీద వ్రాసి ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రతి యిచ్చితిమి. ఫోను వాడుకొన్నందుకు నెలకు 500 రూపాయలు అదనముగా నిచ్చుటకు ఒప్పుకొంటిమి. ఫోను కొన్ననాడే *#06# అని నొక్కి, వచ్చిన పదునైదంకెల ఐఎంఈఐ సంఖ్యను పుస్తకములో వ్రాసికొనవలెనని నియమము. ఫోను పోయినచో పోలీసు ఫిర్యాదు ప్రతితో, 2023లో వెలసిన సంచార్ సాథీ పోర్టలులో ఆ సంఖ్య చెప్పి, ఆ ఫోను దేశములో ఏ సిమ్ముతోను పనిచేయకుండ ఆపించవచ్చును.

ల్యాప్‌టాపుల విషయమును చెప్పెదము. పిల్లలకు వేఱు ఖాతా తెఱచి యిచ్చితిమి. వారి ఆటలు అందులోనే. లోపలి సమాచారమంతయు సంకేతలిపిగా మాఱునట్లు చేసితిమి. ఇట్లు చేసినచో రైలులో ల్యాప్‌టాపు పోయినను దొంగకు వస్తువే గాని కాగితములు దక్కవు. అప్పుడు వచ్చు 48 అంకెల తాళమును మాత్రము వ్రాసి ఇనుపబీరువాలో దాచవలెను. అది పోయినచో మన కాగితములు మనకును దక్కవు. విండోస్ 10 అను పాత ఏర్పాటునకు 2025 అక్టోబరు 14తో ఉచితముగా మరమ్మతులు పంపుట నిలిచినందున, కాకినాడ అమ్మాయి పాత యంత్రమును మార్చి యిచ్చితిమి. లెక్కలన్నిటికి మూడు ప్రతులు: రెండు వేర్వేఱు విధములైన చోట్ల, అందొకటి ఊరు దాటి. నెలకొకమాఱు ఒక ఫైలును ఆ ప్రతినుండి తీసి తెఱచి చూతుము. ఊరగాయ జాడీని ఏడాదిపొడుగున మూత తీయక, అవసరమునాడు తీసి బూజు చూచి విచారించుట కూడదు గదా.

వ్యక్తుల సమాచారమును కాపాడుటకు మన పార్లమెంటు 2023లో ఒక చట్టము చేసినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, దశలవారీగా అమలునకు వచ్చుచున్నవి. ఇవి పెద్ద కంపెనీలకే యని చిన్న కచేరులవారు అనుకొనరాదు. చిన్న కచేరిలోనే ఒక్క ఫోనులో నూఱిండ్ల రహస్యములుండును.

ఇక మీ వంతు. మీలో ఉద్యోగము చేయువారు కొందఱు. చేయు కోడండ్రను, కూతుండ్రను కలవారు పెక్కురు. ఇంటివద్ద ఉద్యోగము చేయు పిల్ల ఫోను ఇంటివారందఱి సొత్తు కాదని గ్రహింపుడు. ప్రవచనములకు, పిల్లల ఆటలకు పాత ఫోనొకటి వేఱుగా నుంచుడు. శుభలేఖయైనను, జరిమానా చీటీయైనను, బ్యాంకు నోటీసైనను, ఏపీకే అను ముగింపుతో వచ్చినచో విప్పకుడు. పొరపాటున విప్పినచో ఇంటర్నెట్టు ఆపి వెంటనే ఇంటిలో చెప్పుడు. చెప్పినవారిని ఎగతాళి చేయకుడు. చెప్పినది అత్తగారైనను సరే, కోడలైనను సరే.

మొన్నటి సంక్రాంతికి మేము తణుకు వెళ్ళియుంటిమి. ఆ పెద్దామె మమ్ము చూచి మొదట కొంచెము సంకోచించిరి. పిమ్మట చేయి పట్టుకొని లోపలికి తీసికొనిపోయి, దేవుని గూటిప్రక్క మేకునకు వ్రేలాడుచున్న చిన్న సంచిని చూపిరి. అందులో కోడలి ఫోనుండెను. “ఇది మడి ఫోను తల్లీ! పని వేళ దాటగానే ఇందులో పెట్టవలసినదే. మనుమడు గాని, నేను గాని ముట్టము,” అనిరి. మనుమడు ప్రక్కనుండి, “నానమ్మ దగ్గఱ మైల ఫోను వేఱే ఉందండీ!” అనెను. అందఱము నవ్వితిమి. ఆ అమ్మాయియు నవ్వినది. జూలై నెల తరువాత ఆమె మా యెదుట అట్లు నవ్వుట అదియే మొదటిసారి.

ప్రధానోపాధ్యాయినిగారు నేటికిని మా కచేరికే వచ్చుచున్నారు. తిరిగివచ్చిన 19,000 రూపాయలను తెచ్చి మా బల్లమీద పెట్టి లెక్క సరిచూడుమనిరి. ఇప్పుడు మేము ఏ సందేశము పంపినను, పండుగ శుభాకాంక్షలైనను సరే, ఆమె ముందు ఫోను చేసి, “అమ్మాయీ, ఇది పంపినది నీవేనా?” అని యడుగుదురు. గడువు దినములలో సైతము మేమా పిలుపును వెంటనే యందుకొని, “మేమేనండీ” అని చెప్పుచున్నాము.